నైసియాలో ఓటింగ్ పెట్టి యేసును దేవుణ్ణి చేశారా?

అందరికీ నమస్కారం. క్రీస్తు దైవత్వాన్ని క్రైస్తవ సంఘం ఎలా అర్థం చేసుకుందో చెప్పమన్నారు. రెండు వేల ఏళ్ల విషయాన్ని ఒక్క సాయంత్రంలో చెప్పడం నా వల్ల కాదు. అందుకని మొదటి నాలుగున్నర శతాబ్దాల మీదే ఎక్కువసేపు ఉంటాను. తర్వాత వచ్చిన గొడవలు చాలావరకు అప్పటి గొడవలకు కొనసాగింపులే.

ఒక మాట మీరందరూ వినే ఉంటారు. “యేసును ఆయన శిష్యులు మంచి బోధకుడిగానే చూశారు. మూడు వందల ఏళ్ల తర్వాత రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ నైసియా నగరంలో బిషప్పులను కూర్చోబెట్టి, ఓటింగ్ పెట్టించి, కొద్దిపాటి మెజారిటీతో ఆయన్ని దేవుణ్ణి చేశాడు” అని. ఒక నవల, దాని మీద తీసిన సినిమా ఈ మాటను బాగా ప్రచారం చేశాయి. ఇప్పుడు వాట్సాప్ ఆ పని చేస్తోంది. ఈ మాట తప్పు. అయితే దీనికి మన గుడుల్లో ఇచ్చే జవాబు కూడా నాకు అంతగా నచ్చదు. “మొదటి రోజు నుంచీ అందరికీ అంతా స్పష్టంగానే ఉంది, మధ్యలో అరియస్ అనే దుర్మార్గుడు వచ్చి చెడగొట్టాడు” అంటాం. అదీ నిజం కాదు. ఆరాధన మొదటి నుంచీ ఉంది. ఆ ఆరాధనకు అర్థం ఏమిటో మాటల్లో పెట్టడానికి మాత్రం సంఘానికి శతాబ్దాలు పట్టింది.

ముందు ఆరాధన సంగతి చూద్దాం. కొత్త నిబంధనలో అన్నిటికంటే పాతవి పౌలు పత్రికలు. అవి క్రీ.శ. 50ల నాటివి, అంటే సిలువ తర్వాత ఇరవై, ముప్ఫై ఏళ్ల లోపువి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక చివర్లో పౌలు “మారనాత” అంటాడు. “మా ప్రభువా, రమ్ము” అని అర్థం. రాసేది గ్రీకు మాట్లాడే కొరింథు వాళ్లకు, మాట మాత్రం అరామిక్. అంటే ఈ ప్రార్థన పౌలు పుట్టించినది కాదు, యెరూషలేము చుట్టుపక్కల అరామిక్ మాట్లాడిన మొదటి విశ్వాసుల నోట పుట్టింది. చనిపోయిన బోధకుణ్ణి ఎవరూ “రమ్ము” అని ప్రార్థించరు.

అదే పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు ఇంకా సాహసం చేశాడు. యూదుడు రోజూ చెప్పుకునే మాట “మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా”. పౌలు ఆ మాటను తీసుకుని, తండ్రియైన దేవుడు ఒక్కడే అని అంటూ ఆ ఊపిరిలోనే ప్రభువైన యేసుక్రీస్తు ఒక్కడే అంటాడు. సమస్తం తండ్రి నుంచి, సమస్తం క్రీస్తు ద్వారా అంటాడు. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో ప్రతి మోకాలూ యేసు నామమున వంగుతుంది అంటాడు. యెషయా 45లో యెహోవా తన గురించి తాను చెప్పుకున్న మాట అది. విగ్రహారాధన అంటే మండిపడే యూదుడు ఈ మాటలు రాశాడని మరిచిపోవద్దు. లారీ హర్టాడో అనే పండితుడు జీవితమంతా దీని మీదే పనిచేశాడు. క్రీస్తు ఆరాధన మెల్లగా, గ్రీకు ప్రభావంతో పెరిగింది కాదు, చాలా తొందరగా, యూదుల మధ్యే మొదలైందని ఆయన వాదన. ఒప్పుకోని పండితులూ ఉన్నారు. నాకు మాత్రం ఆ వాదన గట్టిదనిపిస్తుంది.

బయటివాళ్లు ఏం చూశారు? క్రీ.శ. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా అధికారి బితూనియ-పొంతు రాష్ట్రానికి (ఇప్పటి ఉత్తర టర్కీ) గవర్నరు. పట్టుకొచ్చిన క్రైస్తవులను ఏం చేయాలో తోచక ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు. వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారక ముందే కూడుకుని, క్రీస్తును దేవుడిగా భావించి ఆయనకు కీర్తన పాడుకుంటారని అందులో ఉంది. పరిచారకులుగా ఉన్న ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింసలు పెట్టి మరీ విచారించాడు. నైసియా నగరం ఉన్నది ఆ బితూనియలోనే. అంటే అక్కడ మహాసభ జరగడానికి రెండు వందల ఏళ్లకు పైగా ముందే, ఆ రాష్ట్రంలోని మామూలు జనం క్రీస్తుకు పాటలు పాడుతున్నారు.

రోములో పాలటైన్ కొండ మీద ఒక గోడ గీత దొరికింది. సిలువ మీద గాడిద తల ఉన్న మనిషి, పక్కన చెయ్యెత్తి మొక్కుతున్న కుర్రవాడు, కింద “అలెక్సమెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు” అని వెక్కిరింపు. ఎవరో తోటివాణ్ణి ఆటపట్టించడానికి గీసిన బొమ్మ అది. ఇంకొకటి 2005లో ఇజ్రాయెల్‌లోని మెగిద్దోలో, జైలు ఆవరణలో తవ్వుతుంటే బయటపడింది. 3వ శతాబ్దపు ప్రార్థనా మందిరం నేల అది. అకెప్తూస్ అనే స్త్రీ అక్కడి బల్లను “దేవుడైన యేసుక్రీస్తుకు” జ్ఞాపకార్థంగా ఇచ్చిందని మొజాయిక్‌లో రాసి ఉంది. ఆ నేల వేయించినవాడు ఒక రోమా సైనికాధికారి. నైసియాకు చాలా ముందటి సంగతి ఇది.

మరి ఇంత ఆరాధన ఉన్నప్పుడు గొడవ దేనికి? ఆ ఆరాధనలోనే చిక్కు ఉంది. దేవుడు ఒక్కడే అంటాం, యేసుకు ప్రార్థిస్తాం, యేసేమో తండ్రికి ప్రార్థించాడు. ఈ మూడూ ఎలా కుదురుతాయి? ఒక్కొక్కరు ఒక్కో దారి వెతికారు. 2వ శతాబ్దం చివర రోములో తియొదొతస్ అనే చర్మకారుడు, యేసు మనిషే, దేవుడు ఆయన్ని దత్తత తీసుకున్నాడు అన్నాడు. సబెల్లియస్ పేరుతో నడిచిన మరో వాదం, ఒకే దేవుడు తండ్రిగా, కుమారుడిగా, ఆత్మగా వేషాలు మార్చాడంది. అంతకంటే ముందే కొందరు యేసు శరీరమే నిజం కాదు, కనిపించిందంతే అన్నారు. యోహాను మొదటి పత్రిక వాళ్ల మీదే విరుచుకుపడుతుంది. గమనించండి, ఆ తొలి రోజుల్లో యేసు దేవుడు కాడన్నవాళ్లతో పాటు మనిషి కాడన్నవాళ్లతో కూడా సంఘం పోట్లాడాల్సి వచ్చింది.

ఇప్పుడు అరియస్. లిబియా నుంచి వచ్చినవాడు, అలెగ్జాండ్రియా నగరంలో ఒక గుడికి ప్రెస్బిటర్, అంటే కాపరి. సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) వాళ్లకు ఈ మాట కొత్త కాదు. నిష్ఠ గల మనిషి, మంచి వక్త. తన బోధను పాటలుగా కట్టి జనంలోకి వదిలాడు. సుమారు 318లో తన బిషప్ అలెగ్జాండర్‌తో తగవు పెట్టుకున్నాడు. అరియస్ యేసును మామూలు మనిషి అన్నాడని చాలామంది అనుకుంటారు. అలా అనలేదు. కుమారుడు లోకాలన్నిటికంటే ముందున్నవాడు, ఆయన ద్వారానే లోకం కలిగింది అని నమ్మాడు. ఆరాధించడం కూడా మానలేదు. కానీ తండ్రి ఒక్కడే అనాది అన్నాడు. కుమారుడు ఎంత గొప్పవాడైనా దేవుడు తన ఇష్టంతో చేసిన మొదటి సృష్టి, ఆయన లేని స్థితి ఒకటి ఉండేది, ఇదీ అరియస్ మాట.

లేఖనం చూపకుండా కూడా మాట్లాడలేదు. సామెతలు 8:22లో జ్ఞానం, యెహోవా నన్ను కలుగజేసెను అంటుంది. యోహాను 14లో “తండ్రి నాకంటె గొప్పవాడు” అని యేసే అన్నాడు. కొలొస్సయులకు రాసిన పత్రిక ఆయన్ని “సర్వసృష్టికి ఆదిసంభూతుడు” అంటుంది. ఈ వచనాలు చేతికిచ్చి జవాబు చెప్పమంటే ఇవాళ్టికీ చాలామంది కాపరులు తడబడతారు. యెహోవా సాక్షులు ఇంటికొచ్చినప్పుడు తెరిచేది కూడా ఇంచుమించు ఈ పేజీలే. అరియస్‌ను దుర్మార్గుడు అనేసి పక్కన పెడితే మనకు సుఖమే, కానీ సమస్య అలాగే ఉండిపోతుంది.

325లో కాన్‌స్టంటైన్ సభ పిలిచాడు. ఈ మధ్యే పదిహేడు వందల ఏళ్లు పూర్తయ్యాయి. వచ్చినవాళ్లు 318 మంది అని సంప్రదాయం. ఆదికాండంలో అబ్రాహాము ఇంట పుట్టిన పనివాళ్ల లెక్క కూడా 318, కాబట్టి ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీరే ఊహించుకోండి. అసలు సంఖ్య 250, 300 మధ్య ఉంటుందని చరిత్రకారుల అంచనా. వాళ్లలో చాలామంది కొన్నేళ్ల క్రితం దాకా సాగిన హింసలను చూసినవాళ్లు. ఈ సభలో బైబిలు పుస్తకాలు ఏవని తేల్చారనే మాట కూడా కట్టుకథే. ఈస్టర్ పండగ తేదీ గురించి మాట్లాడారు, క్రమశిక్షణ నియమాలు చేశారు, అరియస్ సంగతి చూశారు. మైరా బిషప్ నికోలస్, అంటే మన క్రిస్మస్ తాత, కోపం పట్టలేక అరియస్ చెంప పగలగొట్టాడని ఒక కథ ఉంది. (నవ్వులు) శతాబ్దాల తర్వాత పుట్టిన కథ అది.

చివరికి విశ్వాస ప్రమాణం మీద సంతకం పెట్టనని నిలబడ్డ బిషప్పులు ఇద్దరే. సెకుందస్, థియోనాస్, ఇద్దరూ లిబియా ప్రాంతం వాళ్లు. కొద్దిపాటి మెజారిటీ ఎక్కడుంది? అయితే ఇంకో వైపు కూడా చెప్పాలి. సంతకం పెట్టకపోతే దేశబహిష్కారం అని చక్రవర్తి భయపెట్టాడు. కైసరయ బిషప్ యూసెబియస్ సంతకం పెట్టాక తన సంఘానికి ఉత్తరం రాసి, ఆ మాటలను తాను ఏ అర్థంలో ఒప్పుకున్నాడో వివరించుకున్నాడు. ఆ ఉత్తరం చదివితే మనిషి ఎంత ఇబ్బంది పడ్డాడో తెలుస్తుంది.

ఇబ్బందికి కారణం ఒకే మాట, ‘హోమోఊసియోస్’. కుమారుడు తండ్రితో ఏకతత్వం గలవాడు అని. బైబిల్లో లేని మాట ఇది. పైగా పాత కేసుల్లో ఇరుక్కున్న మాట. సబెల్లియస్ వాళ్లు వాడే మాటలా ఉందని చాలామందికి భయం. అయినా ఇదే ఎందుకు పెట్టారంటే, లేఖనంలోంచి ఏ మాట తీసుకున్నా అరియస్ పక్షం వాళ్లు సరేనంటున్నారు. “దేవుని నుంచి వచ్చినవాడు” అందామా? అన్నీ దేవుని నుంచే వచ్చాయి కదా అంటారు. “దేవుని స్వరూపం” అందామా? మనిషి కూడా దేవుని స్వరూపమే అంటారు. వాళ్లు తప్పించుకోలేని మాట ఇదొక్కటే దొరికింది.

సభలో అలెగ్జాండర్ వెంట ఒక కుర్ర డీకన్ (సంఘ పరిచారకుడు) ఉన్నాడు. పేరు అథనాసియస్. 328లో తనే అలెగ్జాండ్రియా బిషప్ అయ్యాడు. ఆయన ఎత్తిన ప్రశ్న నాకు ఈ చర్చ మొత్తానికి ప్రాణంలా కనిపిస్తుంది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం ఇస్తున్నాం. కుమారుడు సృష్టి అయితే, సృష్టికర్త పేరు పక్కన ఒక సృష్టి పేరు పెట్టి బాప్తిస్మం ఇస్తున్నామా? కుమారుడు సృష్టి అయితే ఆయనకు మొక్కడం విగ్రహారాధనే కదా? అసలు సృష్టి ఇంకో సృష్టిని దేవునితో ఎలా కలుపుతుంది? దేవుడు మనిషి కావడం మనిషిని దేవుని జీవంలో పాలివాణ్ణి చేయడానికే అంటాడు అథనాసియస్. మధ్యవర్తి తానే దేవునికి ఆవల ఉండిపోతే మనల్ని ఎక్కడికి తీసుకెళ్తాడు?

అరియస్ దేవుణ్ణి ఎంత పైన కూర్చోబెట్టాడంటే, ఆ దేవుడు లోకాన్ని స్వయంగా ముట్టుకోలేడు. ముట్టుకోవడానికి ఒక ఏజెంటు కావాలి, ఆ ఏజెంటే కుమారుడు. నైసియా చెప్పింది దీనికి పూర్తి వ్యతిరేకం. పశువుల తొట్టిలో పడుకున్నవాడు, సిలువ మీద దాహం వేసినవాడు స్వయంగా దేవుడే, దేవుడు పంపిన ఉత్తమ సేవకుడు కాదు అని. తర్కం ప్రకారం ఆలోచించేవాళ్లకు అరియస్ మాట సులువుగా ఎక్కుతుంది. నైసియా మాట మింగుడు పడదు. రాజకీయం కోసం ఒక సిద్ధాంతం తయారు చేయాలనుకునేవాడు ఇంత కష్టమైనదాన్ని ఎంచుకోడు.

రాజకీయం నిజానికి ఎటు ఒరిగిందో చూడండి. కాన్‌స్టంటైన్ మూడేళ్లకే మెత్తబడి అరియస్ పక్షం వాళ్లను వెనక్కి పిలిపించాడు. అరియస్ 336లో చనిపోయాడు. మరుసటి ఏడాది చక్రవర్తికి మరణశయ్య మీద బాప్తిస్మం ఇచ్చినవాడు నికొమీదియ బిషప్ యూసెబియస్ (కైసరయ ఆయన కాదు, వేరే), అరియస్‌కు పాత మిత్రుడు! కొడుకు కాన్‌స్టంటియస్ బహిరంగంగానే నైసియాకు వ్యతిరేకి. 359లో ఇటలీలోని అరిమినంలో నాలుగు వందల మందికి పైగా బిషప్పులను కూర్చోబెట్టి, ‘ఏకతత్వం’ అనే మాటే లేని ప్రమాణం మీద సంతకాలు పెట్టించారు. లోకమంతా మూలిగి, తాను అరియన్ అయిపోయానని చూసి ఆశ్చర్యపోయింది అని జెరోమ్ అనే సంఘ పండితుడు రాశాడు. అంటే చక్రవర్తుల ఇష్టమే నెగ్గి ఉంటే ఇవాళ మనం చదివేది అరియన్ ప్రమాణం.

అథనాసియస్ ఐదుసార్లు బహిష్కారానికి గురయ్యాడు, మొత్తం దాదాపు పదిహేడేళ్లు. కొన్నాళ్లు ఈజిప్టు ఎడారిలో సన్యాసులు దాచిపెట్టారు. ఆర్సేనియస్ అనే బిషప్‌ను చంపించి చెయ్యి నరికించాడని ఆయన మీద ఒక నేరం మోపారు. 335లో తూరు సభలో ఆ ఆర్సేనియస్‌ను ప్రాణాలతో, రెండు చేతులతో సహా తీసుకొచ్చి చూపించాడట. అలాగని ఆయన సాధువేమీ కాదు. ఆయన మనుషులు ప్రత్యర్థులను కొట్టిన సంగతి చెప్పే అప్పటి పపైరస్ ఉత్తరం ఒకటి దొరికింది. మన వైపు వాడు కదా అని దాన్ని దాచనక్కర్లేదు.

ఈ చర్చ పండితులకే పరిమితం కాలేదు. రాజధాని కాన్‌స్టాంటినోపుల్ వీధుల గురించి నిస్సా బిషప్ గ్రెగరీ విసుక్కుంటూ చెప్పిన మాటలు నాకు భలే ఇష్టం. చిల్లర అడిగితే పుట్టినవాడు, పుట్టనివాడు అని ఉపన్యాసం మొదలుపెడతారట. రొట్టె ధర అడిగితే తండ్రి గొప్పవాడు, కుమారుడు తక్కువ అంటారట. స్నానానికి నీళ్లు సిద్ధమా అంటే కుమారుడు శూన్యంలోంచి కలిగాడు అంటారట! (నవ్వులు)

ఈ గ్రెగరీ, ఆయన అన్న బాసిల్, వాళ్ల స్నేహితుడు నజియాంజస్ గ్రెగరీ, ఈ ముగ్గురు కప్పదొకియ (ఇప్పటి టర్కీలోని ప్రాంతం) వాళ్లు చిక్కు విప్పారు. దేవుని తత్వం ఒక్కటే, ఆ తత్వంలో వ్యక్తులు ముగ్గురు అని రెండు మాటలను వేరు చేసి చూపించారు. దాంతో సబెల్లియస్ భయం తగ్గింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాన్ని ఖాయం చేసింది. కాథలిక్, లూథరన్, సి.ఎస్.ఐ. గుడుల్లో నైసియా విశ్వాస ప్రమాణం అని మనం చదివేది నిజానికి 381 నాటిది. 325 ప్రమాణం పరిశుద్ధాత్మ గురించి ఒక్క ముక్కతో ఆగిపోతుంది. బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాల్లో మామూలుగా ఈ ప్రమాణం చదవరు. కానీ అక్కడ పాడే పాటలు వింటే నమ్మకం అదే.

సరే, దేవుడని తేలింది. మరి దేవుడైతే మనిషి ఎలా అయ్యాడు? ఈ రెండో గొడవ గురించి క్లుప్తంగా చెబుతాను. అపొల్లినారిస్ అనే బిషప్, అథనాసియస్ పక్షం వాడే, యేసుకు శరీరం మనిషిది, మనసు స్థానంలో మాత్రం దేవుని వాక్యం, అంటే దైవ కుమారుడే, ఉంది అన్నాడు. దానికి నజియాంజస్ గ్రెగరీ ఒకే వాక్యంలో జవాబిచ్చాడు: ఆయన తనలోకి తీసుకోనిది బాగుపడలేదు. మనిషి మనసుకు జబ్బు చేసినప్పుడు ఆ మనసునే వదిలేస్తే ఎలా? తర్వాత కాన్‌స్టాంటినోపుల్ బిషప్ నెస్తోరియస్, అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ తగాదా. మరియను దేవుని తల్లి అనొచ్చా, లేక క్రీస్తు తల్లి అనడంతో ఆపాలా అని 431లో ఎఫెసులో గట్టిగా కొట్టుకున్నారు. 451లో కాల్సిడాన్ సభ చెప్పింది: ఒకే వ్యక్తి, సంపూర్ణ దైవత్వం, సంపూర్ణ మనుష్యత్వం. రెండూ కలిసిపోవు, మారిపోవు, విడిపోవు, వేరుకావు. నాలుగూ ‘కాదు’లే. ఎలా అన్నది చెప్పలేదు. ఎటు వెళ్తే దారి తప్పుతారో మాత్రం చెప్పింది. ఆ సంయమనం నాకు నచ్చుతుంది.

అందరూ ఒప్పుకోలేదు. ఈజిప్టు, సిరియా, అర్మేనియా, ఇథియోపియా సంఘాలు కాల్సిడాన్‌ను కాదన్నాయి. తూర్పు సంఘం అంతకు ముందు ఎఫెసు సభనే కాదంది. ఇది ఎక్కడో దూరపు సంగతి అనుకోకండి, కేరళ వెళ్తే రెండు పాయలూ కనిపిస్తాయి. కొట్టాయం కేంద్రంగా ఉన్న మలంకర ఆర్థడాక్స్ సంఘం కాల్సిడాన్‌ను ఒప్పుకోని కుటుంబంలోది. త్రిశూరులోని కల్దాయ సిరియన్ సంఘం, ఎఫెసు సభను ఒప్పుకోని తూర్పు సంఘానికి చెందినది. వీళ్లెవరూ క్రీస్తు దైవత్వాన్ని కాదన్నవాళ్లు కాదు. 1973లో కాథలిక్ పోప్ ఆరో పాల్, ఈజిప్టు కాప్టిక్ పోప్ మూడో షెనౌదా కలిసి, 1994లో రెండో జాన్ పాల్, తూర్పు సంఘపు మార్ దిన్ఖా కలిసి ఉమ్మడి ప్రకటనల మీద సంతకాలు చేశారు. నమ్మకం ఒకటే, మాటలు వేరు అన్నారు. పదిహేను వందల ఏళ్లు పట్టింది ఆ ముక్క చెప్పడానికి.

మన దేశంలో ఈ పాత వాదన మళ్లీ పుట్టిన సందర్భం ఒకటి చెప్పి ప్రశ్నలకు వస్తాను. 1820లో రామ్మోహన్ రాయ్ సువార్తల్లోంచి యేసు బోధలను మాత్రమే ఏరి పుస్తకంగా వేశాడు. అద్భుతాలు వదిలేశాడు, దైవత్వం చెప్పే భాగాలు వదిలేశాడు. శ్రీరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ విరుచుకుపడ్డాడు. రాయ్ ఒకటి కాదు, మూడు జవాబులు రాశాడు. మూడోది అచ్చువేయడానికి బాప్టిస్టు మిషన్ ప్రెస్ ఒప్పుకోకపోతే సొంత ప్రెస్సే పెట్టుకున్నాడు. ఈ గొడవలో అసలు తమాషా విలియం ఆడమ్‌ది. రాయ్‌తో కలిసి సువార్తలను బెంగాలీలోకి తేవడానికి కూర్చున్న ఈ బాప్టిస్టు మిషనరీ, 1821కల్లా తనే త్రిత్వాన్ని వదిలేసి యూనిటేరియన్ (త్రిత్వం లేదు, దేవుడు ఒక్క వ్యక్తే అనేవాడు) అయిపోయాడు. ఆడమ్ అంటే ఆదామే కదా, ఆదాము రెండోసారి పడిపోయాడని తోటి మిషనరీలు ఎగతాళి చేశారు. అరియస్‌కు, రాయ్‌కు ఒక తేడా ఉంది. అరియస్ క్రీస్తును ఆరాధిస్తూనే ఆయన సృష్టి అన్నాడు. రాయ్ బోధ చాలు, ఆరాధన వద్దన్నాడు. తర్కం వరకూ రాయ్ దారే సూటిగా ఉంది. అథనాసియస్ ఉండి ఉంటే ఆ మాట ఒప్పుకునేవాడేమో!

ఇక్కడ ముందు వరసలో ఒక అమ్మాయి చీటీ పంపింది. “ఆ దినమును గూర్చి తండ్రి తప్ప కుమారుడైనను ఎరుగడు అని మార్కు 13లో ఉంది. దేవుడైతే తెలియకపోవడం ఏమిటి సార్?” అని. అరియన్లు కూడా సరిగ్గా ఈ వచనాన్నే పట్టుకున్నారమ్మా. అథనాసియస్ చెప్పిన జవాబు, వాక్యంగా ఆయనకు తెలుసు, మనిషిగా తెలియదు అని. కొందరు తొలి సంఘ పెద్దలు ఇంకా ముందుకెళ్లి, తెలుసు కానీ చెప్పడం ఇష్టం లేక అలా అన్నాడన్నారు. నాకు అది అస్సలు నచ్చదు. యేసును నటుణ్ణి చేసినట్టవుతుంది. 1891లో చార్లెస్ గోర్ అనే ఆంగ్లికన్ పండితుడు, ఫిలిప్పీ రెండో అధ్యాయంలోని “తన్ను తాను రిక్తునిగా చేసికొనెను” (అంటే ఖాళీ చేసుకున్నాడు) అన్న మాటను పట్టుకుని, ఆ తెలియకపోవడం నిజమేనన్నాడు. కుమారుడు మనిషి జీవితంలోకి వచ్చినప్పుడు మనిషికుండే పరిమితిని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడని. అప్పట్లో దాని మీద పెద్ద గొడవే అయింది. దేవుడు తన జ్ఞానాన్ని పక్కన పెడితే ఇంకా దేవుడేనా అన్నారు. నేను గోర్ వైపు మొగ్గుతాను. లూకా రెండో అధ్యాయంలో పన్నెండేళ్ల యేసు జ్ఞానమందు వర్ధిల్లాడని రాసి ఉంది. పెరగడం నిజమైతే, అంతకు ముందు తెలియనిది కొంత ఉన్నట్టే కదా.